మత్తడి బాట

ఈ పొద్దున వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, ఎర్ర రంగు డబ్బా మూతను చెంచా కాడతో లేపానో లేదో, ఎనామిల్ వాసన, దాని వెనకే తార్పీను నూనె వాసన గుప్పున వచ్చి, నేను నలభై ఏడేళ్ల తెలుగు టీచరునన్న సంగతే మరిచిపోయి, మా అబ్బా పక్కన గొంతుక్కూర్చున్న పిల్లనైపోయాను. అప్పట్లో మా ఇల్లంతా ఇదే వాసన. ఉతికి ఆరేసిన బట్టల్లో, అమ్మీ వండిన పుల్లటి సాలన్‌లో, రంజాన్ నెలలో ఇఫ్తారుకు తెచ్చుకున్న ఖర్జూరాల పొట్లంలో కూడా ఇదే ఉండేది. అబ్బా జనగామలో బోర్డులు రాసే పెయింటరు. దుకాణాల పేర్లు, దవాఖానల పేర్లు, లారీల వెనక రాతలు, ఊరి బయటి గోడల మీద పురుగుమందుల ప్రకటనలు, ఒక కాలంలో ఈ ఊళ్లో కంటికి కనిపించే అక్షరాల్లో సగం ఆయన చేతివే. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఉడత వెంట్రుకల బ్రష్షు కూడా ఆయనదే. దీనితో ఇవాళ నేను దిద్దబోయేది పదకొండేళ్ల వయసులో నేను చేసిన తప్పు.

మేముండే గల్లీ పేరు మత్తడి బాట. చెరువు నిండినప్పుడు మిగులు నీళ్లు పొర్లిపోవడానికి కట్ట చివర రాతితో కట్టే తక్కువ ఎత్తు గోడను మా దగ్గర మత్తడి అంటారు. ఊరికి ఎగువన ఉన్న మా చెరువు నిండితే నీళ్లు ఆ మత్తడి మీంచి దుంకి, మా ఇళ్ల రెండు వరసల మధ్య ఉన్న వెడల్పాటి ఖాళీ జాగాలో పారి, రైలు పట్టాల కింది మోరీ దాటి ఒర్రెలో కలిసేవి. మిగతా కాలమంతా ఆ జాగా మాది. తొక్కుడుబిళ్ల ఆడేది అక్కడే, చిర్రగోనె ఆడేది అక్కడే, ఎర్రటి ఎండలో మిరపకాయలు ఆరబోసేది అక్కడే. పీరీల పండుగకు అక్కడే అలావ గుంత తవ్వి కట్టెలు కాల్చేవారు. నీళ్లు తగ్గిన ఏడాది సద్దుల బతుకమ్మ కూడా అక్కడే ఆడేవారు. పీరీలకు అమ్మీ చేసిన మలీద ముద్దలు ఎదురింట్లోకి పోయేవి, బతుకమ్మకు ఎదురింటి మలీద ముద్దలు మా ఇంట్లోకి వచ్చేవి. బెల్లం ఎవరింట్లో ఎక్కువ వేశారో నాలుక మీద పెట్టుకోగానే చెప్పేదాన్ని.

ఆ ఎదురిల్లు ఎల్లవ్వది. చెరువులో చేపలు పట్టే ఇంటి మనిషి. అక్షరం ముక్క రాదు గానీ నీళ్ల సంగతి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నా పేరు షాహీనా. ఎల్లవ్వ నోట అది సాయినా అయింది. ఆ పిలుపును నేను ఏనాడూ దిద్దలేదు, ఇప్పటికీ ఆమెకు నేను సాయినానే. ఎవరైనా కొత్తగా వచ్చి ఆ ఖాళీ జాగాలో గొడ్ల కొట్టమో బండి షెడ్డో వేయబోతే ఎల్లవ్వ నడుము మీద చేతులు పెట్టుకుని ఎదురు నిలబడేది.

"నీళ్లొచ్చినప్పుడు యాడికి పోతయిరా? నీ నెత్తి మీద నుంచి పోతయా? తియ్, గా గుంజలు తియ్!"

గుంజలు తీసేదాకా కదిలేది కాదు. మృగశిర కార్తె ముందు ఒక రోజును 'బాట తీసుడు' అనేవాళ్లు. ఇంటికొకరు పారో గంపో పట్టుకుని వచ్చి, ఏడాది పొడుగునా పేరుకున్న చెత్తను, ఇసుకను, తుమ్మ కంపను ఎత్తిపోసి, నీళ్లకు దారి చేసేవారు. ఎవరూ ఆర్డరు వేసేవారు కాదు, ఎవరూ సంతకం పెట్టేవారు కాదు. అబ్బా కూడా రంగు మరకల లుంగీ మోకాళ్లపైకి ఎగగట్టి వచ్చేవాడు. పని అయ్యాక ఎల్లవ్వ ఉడకబెట్టిన బబ్బెర గుడాలను మోదుగాకుల్లో పెట్టి పంచేది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసిన ఆ గుడాల రుచి తర్వాత నేను తిన్న ఏ పెళ్లి విందులోనూ దొరకలేదు.

ఇక ముసురు పట్టి మూడు నాలుగు రోజులు వాన వదలకపోతే, పొద్దున్నే కట్ట మీది నుంచి ఒక కేక వచ్చేది, "మత్తడి దుంకిందో!" అని. అంతే, బడి లేదు, పని లేదు. పాత చీరలు, దుప్పట్లు పట్టుకుని అందరం ఉరికేవాళ్లం. మోకాలి లోతు ఎర్రనీళ్లు మా గడపల కింద మూడో మెట్టు దాకా వచ్చి, అక్కడే ఆగి, బుద్ధిగా పట్టాల వైపు వెళ్లిపోయేవి. అడ్డం పట్టిన చీరల్లో పరక చేపపిల్లలు తళతళ కొట్టుకునేవి. ఆ రోజు గల్లీ అంతా చింతపులుసు పోసిన చేపల కూర వాసన, మక్క రొట్టెలు కాలే వాసన. మా ఇళ్లలోకి నీళ్లొచ్చి పెట్టెలు తడిసిన ఏడాది ఒక్కటి కూడా నాకు గుర్తులేదు.

ఆరో తరగతిలో మా తెలుగు సారు 'వానాకాలం' మీద వ్యాసం రాయమన్నారు. నేను ఆనందం పట్టలేక రెండు పేజీలు రాశాను. మా చెరువు నిండితే మత్తడి దుంకుతదని, నీళ్లు మా ఇంటి ముందర నుంచి పోతయని, మేము చీరలతో చేపలు పడతమని. సారు ఎక్కడో కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. మనసులో చెడ్డతనం లేదు గానీ మా మాటలంటే ఆయనకు నవ్వులాట. నా నోటుబుక్కు పైకెత్తి క్లాసంతా వినేలా, "మత్తడి ఏమిటమ్మా మత్తడి? అలాంటి మాటే లేదు తెలుగులో. మట్టి అని రాయబోయావా?" అన్నారు. అందరూ నవ్వారు. ఇంటికి పోయి మత్తడి చూసే పిల్లలే, వాళ్లూ నవ్వారు. మత్తడి అని ఉన్న చోటల్లా ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి పుస్తకం చేతికిచ్చారు. ఆ రోజు నుంచి ఇంట్లో మాట్లాడే మాట ఒకటి, బళ్లో రాసే మాట ఒకటి అని నేను గట్టిగా నేర్చుకున్నాను.

ఆ ఏడాదే పెద్దలు గల్లీ మొదట్లో ఒక బోర్డు పెట్టాలనుకున్నారు. బస్టాండు వైపు నుంచి వచ్చే చుట్టాలు దారి తప్పుతున్నారని. నిలువెత్తు షాబాదు బండ తెచ్చి పాతారు, రాత పని అబ్బాకు చెప్పారు. అబ్బా చదివింది ఉర్దూ. తెలుగు అక్షరాలు ఆయనకు బొమ్మల్లాగే వచ్చు. ముత్యాల్లా వేసేవాడు, కూడబలుక్కుని చదవడం మాత్రం కష్టం. అందుకని ఏ బోర్డు రాయాలన్నా ముందు నన్ను అడిగి, నా పాత నోటుబుక్కుల ఖాళీ పేజీల్లో పెన్సిలుతో గీసుకుని, అప్పుడు రంగు కలిపేవాడు.

"కైసా లిఖ్నా, బేటా?" అన్నాడు ఆ రోజు కూడా.

"మట్టి బాట అని రాయాలె అబ్బా."

"మత్తడి గదా? అందరు మత్తడనే అంటరు."

"అందరు తప్పు అంటున్నరు. సారు చెప్పిండు. గట్ల రాస్తే నవ్వుతరు."

అబ్బా తలూపాడు. తన చెవుల కంటే నా చదువు మీదే ఆయనకు నమ్మకం. బండ మీద సుద్ద దారం లాగి విడిచి గీతలు వేసుకుని, ఎర్ర రంగుతో ఎంతో అందంగా 'మట్టి బాట' అని రాశాడు. గల్లీలో చదువొచ్చినవాళ్లు నలుగురైదుగురే. వాళ్లూ పట్టించుకోలేదు, రాసింది ఏదైతేనేం, నోటితో అందరూ మత్తడి బాట అనే అనేవారు. ఎల్లవ్వ మాత్రం వచ్చి బండ ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"మస్తు రాసిండే మీ నాయిన. ఏమని రాసిండు, సాయినా?"

"మత్తడి బాట అని, అవ్వా" అన్నాను. నాకు ఎందుకు అబద్ధం చెప్పాలనిపించిందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. ఆమె ముందు ఆ మాటను తప్పు అనే ధైర్యం నాకు లేదు.

తర్వాత ఊరు పెరిగింది. జిల్లా కేంద్రమైంది, ఆఫీసులొచ్చాయి, స్టేషన్ ఘన్‌పూర్ దాటి వరంగల్ దాకా రోడ్డు వెడల్పయింది. నన్ను చాదస్తపు మనిషి అనుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను, నాకు రోడ్లంటే కోపం లేదు. వీధి దీపాలంటే ఇష్టం, నల్లా నీళ్లంటే ఇష్టం, మా అమ్మీ ఆయాసంతో రొప్పుతూ రిక్షాలో పోయిన దవాఖానకు ఇప్పుడు అయిదు నిమిషాల్లో పోగలగడం ఇంకా ఇష్టం. నా పేచీ ఒక్కటే. ఊరిని బాగు చేస్తామని వచ్చేవాళ్లు ఊరిని ముందు ఒక్క వాన అయినా చూడాలి. ఎండాకాలంలో వచ్చి, టేపు పట్టి కొలిచి, ఖాళీగా ఉంది కాబట్టి ఎవరిదీ కాదని రాసుకుపోతారా? ఖాళీగా ఉండడమే దాని పని అయిన జాగాలు కూడా ఊరికి ఉంటాయి. అడిగితే అభివృద్ధికి అడ్డం పడుతున్నారంటారు. పడతాం. మా గడపలు మునిగే అభివృద్ధికి అడ్డం పడకపోతే ఇంకెవరు పడతారు?

మా చెరువు కింద ఒక వెంచరు పడింది. గేటు మీద ఇంగ్లీషు పేరు, అందులో 'లేక్ వ్యూ' అన్న ముక్క. చూడడానికి చెరువు కావాలి గానీ చెరువు నీళ్లు పోవడానికి దారి అక్కర్లేదు వాళ్లకు. మా బాటను సిమెంటు రోడ్డు చేసి, మత్తడి వైపు ప్రహరీ కట్టుకుంటామని అర్జీ పెట్టుకున్నారు. కడితే మొదటి ముసురుకే నీళ్లు గోడకు తగిలి పక్కకు తిరుగుతాయి, నేరుగా మా ఇళ్లలోకి వస్తాయి. నలభై గడపలు. మేమంతా అభ్యంతరం చెబితే మున్సిపల్ ఆఫీసులో కమిషనరు మేడం విచారణ పెట్టారు. వెంచరు తరఫున వచ్చిన ఇస్త్రీ చొక్కా మనిషి నింపాదిగా ఒక ఫొటో తీసి మేడం ముందు పెట్టాడు. మా బండ. మా అబ్బా చేతి రాత.

"నీళ్ల దారి అంటున్నరు మేడం, వీళ్ల బోర్డు మీద వీళ్లే రాసుకున్నరు, మట్టి బాట అని. మట్టి రోడ్డుకు సిమెంటు వేస్తమంటే వద్దనుడేంది?"

మావాళ్లంతా ఆ ఫొటో మీదికి వంగారు. ఇన్నేళ్లూ ఆ బండ పక్క నుంచి నడిచినవాళ్లే, దాని మీద ఏముందో చాలామందికి అప్పుడే తెలిసింది. ఆరో తరగతిలో లాగా తల వంచుకుని కూర్చోవచ్చు. కానీ లేచాను.

"అది తప్పు మేడం. ఆ తప్పు నేనే రాయించిన. నాకప్పుడు పదకొండేండ్లు. మా మాట తప్పని బళ్లో నవ్విన్రు, నేను నమ్మిన. ఇప్పుడు నమ్మను."

"ఇన్నేండ్ల తర్వాత చెప్తే సరిపోతదా? రుజువేంది?" అన్నాడు ఇస్త్రీ చొక్కా.

మేడం ఇచ్చిన గడువులో రుజువు కోసం ఇల్లంతా వెతికాను. చివరికి అబ్బా రంగుల సందుగలో, ఎండి గట్టిపడ్డ బ్రష్షుల కింద, నా ఆరో తరగతి నోటుబుక్కు దొరికింది. ముందు పేజీల్లో నా వ్యాసం, చెరువు, వాన, మా ఇంటి ముందర పారే నీళ్లు. మత్తడి అన్న ప్రతి చోటా ఎర్ర సిరా గీత, గీత కింద మాట చక్కగా కనిపిస్తూనే ఉంది. చివరి పేజీ తిప్పితే ఏడుపు ఆగలేదు. అబ్బా ఆ ఒక్కసారి నన్ను అడగకముందే పెన్సిలుతో 'మత్తడి బాట' అని గీసుకున్నాడు, తనకు వినిపించినట్టు. నన్ను అడిగాక దాన్ని కొట్టేసి కింద 'మట్టి బాట' రాసుకున్నాడు. నాకంటే ముందే ఆయన సరిగ్గా రాశాడు. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది, ఆ మాట ఆయనకు చెప్పుకుందామన్నా లేడు.

ఆ పుస్తకం తీసుకెళ్లి ముందు పెడితే, మేడం ఎర్ర గీతల కింది మాటలను ఒక్కొక్కటే చదివారు. గోడకు అనుమతి ఆపి, వానాకాలంలో నీళ్లు పారేటప్పుడు స్వయంగా వచ్చి చూసి తేలుస్తానన్నారు. ఇది గెలుపని నేను అనను. వానలు వెనకబడొచ్చు, మేడం బదిలీ కావొచ్చు. బదిలీ అయితే వచ్చే కొత్త సారుకు మళ్లీ చూపిస్తాను. నోటుబుక్కు నా దగ్గరే ఉంది.

పరకలు ఇప్పుడు రావు, ప్లాస్టిక్ సీసాలు వస్తాయి. బాట తీసుడు ఎప్పుడో ఆగిపోయింది. ఇంటికొకరిని రమ్మంటే ఆఫీసుకు ఫోన్ చేయమంటారు. మోదుగాకులు తెచ్చేవాళ్లు లేరు, సుద్ద దారం లాగేవాళ్లు లేరు, ఊళ్లోని అబ్బా అక్షరాల మీద ఫ్లెక్సీలు కప్పేశారు. మిగిలింది ఈ బండ ఒక్కటే. ఈ పొద్దున దాన్ని గరుకు కాగితంతో రుద్ది, ఆయన రాత మీదనే నా వంకర అక్షరాలతో రాయడం మొదలుపెట్టాను. చేతికర్ర పొడుచుకుంటూ ఎల్లవ్వ వచ్చింది. కళ్లు సరిగ్గా కనిపించవు గానీ వాసన పట్టింది.

"రంగేస్తున్నవానే సాయినా? ఏమని రాస్తున్నవ్?"

"మత్తడి బాట అని, అవ్వా."

"అప్పుడు గూడ గదే రాసిన్రు గదనే."

బ్రష్షు కింద పెట్టాను. ఆ రోజు అబద్ధం చెప్పానని, బండ మీద ఇన్నేళ్లూ ఉన్నది వేరే మాట అని, దాన్నే పట్టుకుని వెంచరువాళ్లు మన ఇళ్ల మీదికి వచ్చారని మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. బోసి నోటితో నవ్వింది.

"నీళ్లకు సదువొస్తదానే పిచ్చిపిల్లా? నువ్వేం రాసినా అవి గిట్లనే వస్తయి. సదువొచ్చినోళ్లకే గద కనవడాలె. జర పెద్దగ రాయి."

తార్పీనులో తడిపిన గుడ్డతో తుడిచేసి, బండ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పట్టేలా మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను.