నాన్న మగ్గం మీద తలంబ్రాల చీర

ఎమ్మిగనూరులో మగ్గమున్న ఇంట్లో పుట్టి, పెళ్లిచీర కోసం ఆదోని బస్సెక్కడమా! ఆ మాట వింటేనే నాకు కంపరం పుట్టేది. మా వీధిలో అందరూ చేసేది అదే. నేసేది ఒకటి, కట్టేది ఒకటి. నేను మాత్రం కొన్న చీర కట్టనని తెగేసి చెప్పాను. నా పెళ్లికి అన్నీ చేత్తో చేసినవే ఉండాలి. శుభలేఖలు తెల్ల గుడ్డముక్కల మీద నేనే రాస్తాను. బాసికాలు నేనే కుడతాను. తలంబ్రాల చీర, పెళ్లికొడుకు పంచ, రెండూ మా నాన్న మగ్గం మీద నేనే నేస్తాను. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్ని కదా, నోరు తెరిస్తే ఎవరూ ఎదురు చెప్పరనే ధీమా.

ఇంటికి వచ్చినవాళ్లు నవ్వారు. "ఏమప్పా, నీ మొగుణ్ణి గూడా నువ్వే నేసుకుంటావా?" అని మా మేనత్త అడిగింది. ఆ మాట వీధంతా తిరిగింది. ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనిచేసే నా కాబోయే మొగుడికీ చేరింది. ఫోనులో పడీపడీ నవ్వాడు.

నవ్వనిది అమ్మ ఒక్కతే.

నాన్న పోయి అప్పటికి రెండేళ్లు. తువ్వాళ్ల పడుగు మగ్గం మీద ఉండగానే, ఒక మధ్యాహ్నం మగ్గం గుంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. నేసినంత బట్ట కోసి ఇచ్చేశారు. అచ్చులో, అంటే పోగులు దూరే దువ్వెనలాంటి చట్రంలో, మిగిలిన జానెడు పోగుల మీద అమ్మ పాత దుప్పటి కప్పింది. ఆ తర్వాత మగ్గం జోలికి పోలేదు. చీరలకు ఫాల్సు కుట్టి ఇల్లు నడిపింది.

ఇక్కడ మా పని సంగతి కొంచెం చెప్పాలి. ఒక పడుగు నేసి అయిపోయాక దాని చివరి పోగులు జానెడు అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కొక్క కొత్త పోగును ఒక్కొక్క పాత పోగుకు వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. అట్లా చేస్తే అచ్చు మళ్లీ మొదటినుంచి గుచ్చుకునే పని తప్పుతుంది. అయితే నేసేవాడు మగ్గం మీదే పోతే ఆ పోగులకు దేన్నీ అతకరు. మొత్తం కోసి పారేసి, అచ్చు కడిగి, కొత్తగా గుచ్చాలి. పోయినవాడి పోగుకు అతికిన బట్ట ఎవరు కడితే వాళ్లకు కీడు అంటారు మా వీధిలో. పెళ్లిబట్టలైతే ఇంక చెప్పే పనే లేదు.

"మగ్గం మీద నేస్తే నెయ్యి," అంది అమ్మ చివరికి. "కానీ ఆ పోగులు కోయిచ్చి, అచ్చు కొత్తగా గుచ్చిచ్చినాంకనే ముట్టుకో. ఇంటాండావా?"

"ఇంటాండాలేమా," అన్నాను.

అచ్చు గుచ్చే ముసలాయనకు చూపు పోయింది. ఆయన కొడుకు బెంగళూరులో కాపలా ఉద్యోగం చేస్తున్నాడు. ఇంకొకాయన దొరికాడు గానీ పదిహేను రోజుల తర్వాత వస్తానన్నాడు. పెళ్లికి ఉన్నది ఇరవై రోజులు. అమ్మ పెద్దకడుబూరులో చుట్టాలను పిలవడానికని పోయి మూడు రోజులు అక్కడే ఉండిపోయింది. దుప్పటి తీశాను. నాన్న పోగులు దుమ్ము పట్టి, బిగువు తగ్గి వేలాడుతున్నాయి. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని పోగులు అతికినదాన్నే నేను. ఎవరు చూస్తారులే అనుకున్నాను. చదువుకున్నదాన్ని, ఇవన్నీ నమ్మేదేంది అని కూడా అనుకున్నాను. కొనిపెట్టుకున్న కొత్త పడుగు తెచ్చి, వేళ్లు జారకుండా బూడిద చిటికెలో పట్టుకుని, మూడు రోజులు నడుం విరిగేలా కూర్చుని, రెండువేల పైచిలుకు పోగులు ఒక్కదాన్నే అతికాను. అమ్మ తిరిగొచ్చాక, ఆ ఇంకొకాయన ముందే వచ్చి గుచ్చిపోయాడని చెప్పాను. అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వస్తుందని నాకు అంతవరకు తెలియదు.

మరుసటి రోజు సాయంత్రం నా కాబోయే మొగుడి నుంచి ఫోను రాలేదు. మామూలుగా మిల్లు నుంచి బయలుదేరేటప్పుడు చేస్తాడు. ఆరు దాటింది, ఏడు దాటింది. నేను చేస్తే స్విచ్చాఫ్ అని వస్తోంది. నేను మగ్గం గదిలోకి పోయి నిలబడ్డాను. అతుకులన్నీ ఒక్క వరుసలో కనబడుతున్నాయి. అటువైపు తెల్లటి కొత్త పోగులు, ఇటువైపు మాసిన పాత పోగులు. నా చదువు, నా ధీమా అన్నీ ఎక్కడికి పోయాయో!

ఎనిమిదింటికి వాళ్ల అమ్మ ఫోను చేసింది. "ఏం భయపడాకమ్మా. పత్తి లారీ అడ్డమొస్తే బండి జారినాడంట. మోచెయ్యి దోక్కపోయింది, ఫోను పగిలింది. అంతే," అంది. అంతేనట! బాగున్నాడని ఆమె చెబుతున్నా నా చెవులకు ఎక్కడం లేదు. ఇంకా నేయకముందే ఇట్లా అయితే, ఆ పంచ కట్టుకున్నాక ఏమవుతుందోనన్న మాట ఒక్కటే మనసులో తిరుగుతోంది.

పొద్దున్నే గుంతలోకి దిగాను. పాదం తొక్కుడు కర్ర మీద పెట్టగానే పట్ మని ఒక పోగు తెగింది. కట్టాను. మళ్లీ రెండు తెగాయి. ఎండాకాలం గాలికి గంజి ఎండిపోతే పోగులు తెగుతాయని నాకు తెలుసు. నాన్న అయితే తడిగుడ్డ కప్పి, ఒక బీడీ తాగొచ్చి మళ్లీ కూర్చునేవాడు. తెలిసినా, అడ్డపోగును అటూ ఇటూ దాటించే నాడె చేతిలోకి తీసుకుని కూడా విసరలేకపోయాను. అట్లా ఎంతసేపు కూర్చున్నానో, అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడేదాకా తెలియలేదు.

"ఏంమే, ఏడుస్తాండావు?"

చెప్పేశాను. మొత్తం చెప్పేశాను.

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. వచ్చి వంగి అతుకుల మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపింది. "నీ బుద్ధి గడ్డి తిన్యాదా? నీ తెలివి తెల్లారా! ఆ పిల్లోని పానం మీదికి తెస్తివి కదే!" అని తిట్టింది. ఆ తిట్టులో కోపం కంటే వణుకే ఎక్కువ వినిపించింది నాకు. అమ్మ కూడా భయపడుతోందని తెలిశాక నా భయం రెండింతలైంది.

"కోసేద్దాం మా. ఆదోనికి పోయి కొనుక్కొస్తా. ఏ సీరైనా కట్టుకుంటా," అన్నాను.

"కోస్తే పోతాదా? అతికింది అతికినట్లే," అంది అమ్మ. తర్వాత కొంగు నడుముకు దోపుకుంది. "లెయ్. బయటికి రా."

"ఎందుకు?"

"మొదటి నాడె యేసినోళ్ల మీదికే పోతాదది. మా అత్త సెప్తాండె. నువ్వు యెయ్యలేదు కదా ఇంకా?"

నాకు అర్థమయ్యేసరికి ఆమె గుంతలోకి కాలు పెట్టేసింది. వద్దని రెక్క పట్టి లాగాను. నాడె వెనక దాచాను. పెళ్లి కాబోయే పిల్లననే మర్యాద కూడా లేకుండా అమ్మతో కలబడ్డాను. ఫాల్సు కుట్టి కుట్టి సన్నబడిన చేతులు అనుకున్నాను గానీ, ఎంత బలమో! నా వేళ్లు విడదీసి నాడె లాక్కుంది.

"నాకింకేముందే పోయేదానికి? మీ నాయిన యాడ కూసొని పోయినాడో ఆడే కూసున్నా. సూసుకుందాం పో," అని నాడె విసిరింది.

రెండేళ్ల తర్వాత మా ఇంట్లో మగ్గం చప్పుడైంది. ఒక్క పోగు తెగలేదు. జానెడు నేసి, లేచి, కాళ్లు కడుక్కుని వంటింట్లోకి పోయింది. జొన్నరొట్టె చేస్తున్న చప్పుడు వినబడింది. నేను గుంత పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను. అంతవరకు పెళ్లికొడుకు కోసం భయపడ్డాను. ఆ పూట నుంచి అమ్మ కోసం భయం పట్టుకుంది. ఇది దానికంటే చెడ్డ భయం. అతనికేమైనా అయితే నా తప్పు. అమ్మకేమైనా అయితే, నా తప్పును ఆమె అడిగి తన మీద వేసుకున్నట్టు.

మిగతా చీర, పంచ నేనే నేశాను. ఎట్లా నేశానో నాకే తెలియదు. ప్రతి పది నాడెలకూ ఆపి చెవి పెట్టేదాన్ని. అమ్మ దగ్గితే లేచేదాన్ని. గిన్నె కింద పడిన చప్పుడైతే గుంతలోంచి ఎగిరి పరుగెత్తేదాన్ని. బీపీ మాత్రలు లెక్కపెట్టేదాన్ని. మధ్యాహ్నం పడుకుంటే పక్కన నిలబడి, ఊపిరి తీస్తోందా లేదా అని చూసేదాన్ని. ఒకరోజు కళ్లు మూసుకునే అంది: "సావలేదులే. పోయి నెయ్యి పో."

నవ్వు రాలేదు నాకు. ఆమెకూ రాలేదు.

మగ్గం మీంచి చీర కోసిన రోజు పసుపునీళ్లలో అంచులు అద్దుతుంటే అందరూ మెచ్చుకున్నారు. మా మేనత్త కూడా "బలే ఉండాదే!" అంది. నాకు ఆ చీర వైపు చూడబుద్ధి కాలేదు.

పెళ్లి ఆదోనిలో ఒక కళ్యాణమంటపంలో. కాళ్లు కడిగి కన్యాదానం చేసింది చిన్నాన్న, చిన్నమ్మ. అమ్మ ముందుకు రాకూడదన్నారు. నేను కొట్లాడతానని అమ్మే ముందుగా, "మంచి పొద్దు రచ్చ సెయ్యాకు," అని నా నోరు కట్టేసింది. ఆ చీర కట్టుకుని కూర్చున్నాను. పక్కన ఆయన, మోచేతి మీద గాయం ఎండిన మచ్చ, నడుముకు నేను నేసిన పంచ. అక్షింతలు పంచుతున్నారు. నేను తల దించుకోలేదు. అమ్మ కోసం వెతుకుతున్నాను. ఇందాక తలుపు దగ్గర ఉండింది, ఇప్పుడు లేదు. కుర్చీల మధ్య లేదు. వంటవాళ్ల వైపు లేదు. వాయిద్యాలు గట్టిగా మోగాయి. ఆయన తాళి పట్టుకుని నా వెనక్కి వంగాడు.

"మా అమ్మ కనపల్లేదు," అన్నాను.

"ఏందీ?"

"మా అమ్మ యాడుందో సూడు. ముందు సూడు!"

ఒక ముడి వేసినవాడు చెయ్యి ఆపి తలెత్తాడు. పూజారి కసిరాడు. ఆయన పట్టించుకోలేదు. హాలంతా చూశాడు.

"ఆ స్తంభం పక్కన ఉండాది. నన్నే సూస్తాంది," అన్నాడు.

నిజమే. అమ్మ నన్ను చూడటం లేదు. రెప్ప వేయకుండా అతన్నే చూస్తోంది. రెండో ముడి పడింది, మూడో ముడి పడింది. ఆయన లేచి నిలబడ్డాడు. అమ్మ స్తంభం పట్టుకుని మెల్లగా నేల మీదికి జారింది.

ఎట్లా లేచానో, ఎవరిని తోసుకుంటూ పోయానో గుర్తులేదు. పెళ్లికూతురు పరుగెత్తడం ఏంటని ఎవరో అరుస్తున్నారు. అమ్మ ముఖం పట్టుకుని ఊపేశాను.

"ఏమైందిమా? మా! పలుకు!"

"ఏం కాలేదు. కాళ్లు వణికినాయి, అంతే. వానికేం కాలేదు కదా? సాలు. ఇంక నాకేమైనా గానీ పో."

"ఏమైనా గానీ అంటావా! నీకేమైనా అయితే ఈ సీర ఈడే తగలబెడతా!" అని అరిచాను. వాయిద్యాలు ఆగిపోయాయి. వంద మంది నన్నే చూస్తున్నారు. చూడనీ.

అమ్మ చెయ్యి చల్లగా ఉంది. తలంబ్రాలకు రమ్మని పూజారి పిలుస్తున్నాడు. వదలమని అమ్మ గింజుకుంటున్నా వినకుండా, పట్టిన చెయ్యి పట్టినట్టే మంటపం మీదికి లాక్కుపోయి నా పక్కన నిలబెట్టుకున్నాను. రెండు చేతులతో పొయ్యాలమ్మా అని పూజారి ఎంత చెప్పినా, తలంబ్రాలు నేను ఒంటి చేత్తోనే పోశాను.