దెల్ఫా ఎంచుకున్న తెర

సెబు రేవు వీధుల్లో దెల్ఫా కబాహుగ్ నోటికి జడవనివాడు లేడు. ఫ్లెక్సీలకు ఫొటోలు దిద్దడం ఆమె పని. చావు ఫ్లెక్సీలకైతే ఆమెదే పేరు. బతికినన్నాళ్లూ చిరుగు బనీనుతో మూటలు మోసినవాడికైనా సరే, పాతిపెట్టే ముందు శవం దగ్గర చేసే జాగారంలో పేటిక పక్కన కట్టే ఫ్లెక్సీలో తెల్లటి నార చొక్కా ఉండాల్సిందే. మూసిన కళ్లు తెరిపించాలి, దెబ్బల మచ్చలు తుడవాలి. అదీ అక్కడి మర్యాద.

ఎన్నికల ముందు, వార్డుకు పెద్దయిన కెప్టెన్ మొహం ఫ్లెక్సీలో వంకాయ రంగుకు తిరిగింది. తప్పంతా రంగులు సరిగా చూపని ఆమె పాత కంప్యూటర్ తెరది. కెప్టెన్ మనిషి బ్రూనో వచ్చి, మాటా పలుకూ లేకుండా కంప్యూటర్‌ను బల్ల మీంచి తన్నాడు. అడ్డం వెళ్లిన దెల్ఫాను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. తీరా మిగతా ఫ్లెక్సీలు చేసే దిక్కు లేదని తెలిశాక, ఇంకోటి కొనిపెట్టమని కెప్టెన్ అదే బ్రూనోను ఆమె వెంట పంపాడు. సిగ్గులేని సంత.

అప్పటికే సెపా ముసలమ్మ చావు ఫ్లెక్సీకని ఇచ్చిన ఫోను దెల్ఫా దగ్గరుంది. ఆమె కొడుకు జున్రే తాగి బండి మీంచి పడి పోయాడని కెప్టెన్ కబురు పంపాడు. పేటిక ఇంటికొచ్చేసరికి గాజు కింద మొహం నిండా పౌడరు, గడ్డం దాకా కాలరు. పౌడరు పూయకముందు, శవాల గది చీకట్లో తల్లి తీసిన ఫొటో ఒక్కటే ఆ ఫోనులో ఉంది.

"కళ్లు తెరిపించు తల్లీ, అంతే చాలు," అంది సెపా.

బ్రూనోతో వచ్చిన ఆమెకు, పాత కంప్యూటర్లు అమ్మే ఉయ్ తన కొట్లో ఒకదాన్ని ముందుకు తోశాడు. "ఇది తీసుకో అక్కా. నిగనిగలాడుతోంది, చవక కూడా."

"నిగనిగలాడేది నీ బట్టతల. నాకు రంగు కావాలి," అని దెల్ఫా ఫోనులోని ఫొటోను అందులోకి ఎక్కించి చూసింది. మెడ దగ్గర ఉత్త నీడ. రెండోదానిలోనూ అంతే. "బూడిద పూసినట్టుందయ్యా. ఫొటోలు దిద్దేవాళ్లకిచ్చేది తియ్యి."

ఉయ్ గొణుక్కుంటూ మూలనున్న బరువైన తెర తుడిచి పెట్టాడు. ఈసారి నీడ విడిపోయింది. జున్రే గొంతు మీద మూడు పొడుగు మచ్చలు, పక్కన ఒక పొట్టిది. వేళ్లతో నులిమిన మచ్చలు. దెల్ఫా తల తిప్పింది. బల్ల మీద బ్రూనో చెయ్యి ఉంది. దాని చిటికెన వేలు సగానికి తెగిపోయి ఉంది.

"చవకది చాలు. కట్టించు," అన్నాడు బ్రూనో మెల్లగా.

దెల్ఫాకు భయంకన్నా ఒళ్లు మంట ఎక్కువైంది. "నాకిదే కావాలి. ఇందులో అన్నీ బాగా కనబడుతున్నాయి."

బ్రూనో ఇనప స్టాండు ఎత్తి తెర పగలగొట్టాడు. గాజుపెంకు ఆమె చెంపలో దిగింది. మౌసు మీదున్న చేతిని బల్లకు అదిమి, అదే ఇనుముతో వేళ్లు నుజ్జయ్యేదాకా కొట్టాడు. ఫోనును బూటు కింద నలిపి వెళ్లిపోయాడు. ముందు చూసిన రెండింటిలోనూ ఫొటో ఉండిపోయిందని ఆ మొద్దు బుర్రకు తట్టలేదు.

ఉయ్ ఫొటో ఉన్న ఆ చవకదాన్ని తనే ఆమె ఇంటికి మోశాడు. దెల్ఫా కుడిచేతికి గుడ్డ చుట్టుకుని, ఎడమచేత్తో పనికి కూర్చుంది. ఆ తెర చూపించకపోయినా నీడలో ఏముందో ఆమెకు తెలుసు. నొప్పికి ఏడుస్తూ, కెప్టెన్‌ను తిడుతూ, ఆ నీడనే పలచన చేస్తూ పోయింది. చొక్కా తొడగలేదు, కళ్లు తెరిపించలేదు, ఏ మచ్చా తుడవలేదు.

జాగారంలో నిద్ర రాకుండా ఆడే పేకాట సాగుతుండగా ఫ్లెక్సీ విప్పారు. మూరెడేసి మచ్చలు. ముక్కలు పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. సెపా దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. మూడు పొడుగు మచ్చలనూ, పక్కనున్న పొట్టిదాన్నీ వేలితో తడిమింది.

అంతలో కెప్టెన్ పంపిన పూలచక్రం మోసుకుంటూ బ్రూనో లోపలికొచ్చాడు. ఫ్లెక్సీ చూసి పూలు వదిలేసి వెనక్కి తిరిగాడు. పేకాడేవాళ్లు లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఒకడు కుర్చీ కాలు విరిచి పట్టుకున్నాడు.

సెపా సగం వేలున్న బ్రూనో చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది.

"నీ చెయ్యి పైకెత్తు నాయనా," అంది. "అందరూ చూస్తారు."