మా మేనత్త నాచేత కట్టించిన ఎలిమినేటరు

నా చిన్నప్పుడు నౌపడలో మా నాన్నకు ఉప్పుమళ్లు ఉండేవి. ఎండాకాలమంతా తీసిన ఉప్పు గట్టు మీద కుప్పలుగా ఆరుతుండేది. వాన సంగతి ముందే తెలిస్తే తాటాకులు కప్పుకోవచ్చు. తెలియకపోతే కష్టమంతా నీళ్లపాలే. అందుకే సాయంత్రం రేడియోలో వాతావరణం చెప్పేటప్పుడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఒకనాడు మధ్యాహ్నం సముద్రం వైపు మబ్బు పట్టింది. సరిగ్గా అప్పుడే రేడియోలో బ్యాటరీలు అయిపోయాయి. దుకాణాల్లో అడిగితే సరుకు రాలేదన్నారు. కూలీలను పిలవాలో వద్దో తేలక నాన్న మళ్ల దగ్గర నుంచి కబురు మీద కబురు పంపుతున్నాడు.

మా మేనత్త పాలిటెక్నిక్ చదువుతూ సెలవులకు వచ్చి ఉంది. తన పెట్టెలోంచి చిన్న ట్రాన్స్‌ఫార్మరు, ఒక డయోడు, ఒక కెపాసిటరు తీసి, "బ్యాటరీ లేకపోతే ఏటి? ఎలిమినేటరు కట్టి ఇంటి కరెంటుతోనే పలికిద్దాం, రాయే," అంది.

"ఆడగుంటలు కరెంటు జోలికి పోతారేటే!" అని నాయనమ్మ కేకలేసింది. అత్త వినిపించుకోలేదు. గోడ వైపు తీగలు తనే చూసుకుని, టంకం పెట్టే పని నాకు అప్పగించింది.

అన్నీ కలిపి స్విచ్చి వేస్తే రేడియో గుయ్యిమని ఒకటే రొద. మాట ఒక్కటీ తెలియలేదు. నాకు ఏడుపొచ్చేసింది. అత్త స్విచ్చి తీసేసి, నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లో బోరింగు దగ్గరికి లాక్కెళ్లింది. అడుగున చిల్లి పడిన డబ్బా ఒకటి దాని కింద పెట్టి, కొట్టమంది.

"సూడు. సెయ్యి కిందికీ పైకీ ఆడతన్నాది. నీళ్లు మాత్రం ఒక ఊపుకే పడతన్నాయి. ఇంట్లో కరెంటూ అంతే, ముందుకీ ఎనక్కీ ఆడతాది. డయోడు ఒక్క వైపే పోనిస్తాది. మిగతా సగం ఆపేస్తాది. అందుకే రేడియోకి ఆగి ఆగి అందుతాది."

"మరి ఆగకుండా ఎలాగత్తా?"

"డబ్బా సిల్లి సూడవే."

పైనుంచి నీళ్లు ఆగి ఆగి పడుతున్నా, నిండిన డబ్బా చిల్లిలోంచి ధార తెగడం లేదు.

"కెపాసిటరు పనదే. నిండినప్పుడు దాసుకుంటాది, ఆగినప్పుడు ఇస్తాది. రొద వస్తన్నాదంటే అది అతకలేదన్నమాట. ఏ అతుకు వదిలీసినావో నువ్వే ఎతుకు."

ఇంట్లోకి వచ్చి ఒక్కో అతుకునూ గోటితో కదిపి చూశాను. కెపాసిటరు కాలు అంటినట్టే కనిపించింది గాని, ముట్టుకుంటే ఊగింది. టంకం పూర్తిగా కరిగించి మళ్లీ పెట్టాను. సాయంత్రం వాతావరణం చెప్పే వేళకు మళ్లీ స్విచ్చి వేస్తే, ఈసారి రొద సన్నగా అడుగున ఉండిపోయి, మనిషి గొంతు పైకి వచ్చింది. కోస్తాలో భారీ వర్షాలట.

నేను పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. "నిజమేటే?" అన్నాడు నాన్న. జవాబు కోసం ఆగకుండానే కూలీలను కేకేశాడు. ఆఖరి కుప్ప మీద తాటాకు పరుస్తుండగానే చినుకులు మొదలయ్యాయి. మా ఉప్పు దక్కింది.

పోయినేడు పక్షవాతం వచ్చి నా మాట పడిపోయింది. ఇంక రాదేమోనని ఇంట్లో అందరూ బెంగపడ్డారు. నేను మాత్రం ఏ అక్షరం దగ్గర నాలుక ఆగుతోందో వెతుక్కుంటూ, ఒక్కొక్కటే పలికాను. ఇదంతా ఇవాళ మా మనవరాలికి నా నోటితోనే చెప్పాను.