ఎనిమిది తలాలు, పద్దెనిమిది అంచులు

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కానని మన చర్చిలో అందరికీ తెలుసు. నిన్న సాయంత్రం నుంచి ఎంతసేపు మోకాళ్ల మీద ఉన్నా కోపం దిగడం లేదు... అందుకే మన ఆడవాళ్ల గ్రూపులో మొదటిసారి రాస్తున్నాను.

మా చిన్నప్పుడు మా వాకిలంతా చెక్కపొట్టు వాసనే... మా నాన్న వడ్రంగి. చుట్టుపక్కల సంఘాల్లో ఎవరు ప్రభువునందు నిద్రించినా శవపెట్టె ఆయనే చేసేవారు. తల దగ్గర ఇరుకు, భుజాల దగ్గర వెడల్పు, కాళ్ల వైపు మళ్లీ సన్నం. పక్కలకు ఆరు పలకలు, అడుగున ఒకటి, పైన మూత.

పలకలు కలిసిన ప్రతి అతుకునూ నేను వేలితో తడిమి లెక్కపెట్టాలి. మూతతో కలిపి పద్దెనిమిది. పదిహేడని చెబితే మళ్లీ మొదటి నుంచి...

"ఒక్క సందు వదిలినా నీళ్లు దిగుతాయమ్మా. లోపలున్నవాళ్లు లేచి చెప్పలేరు కదా" అనేవారు.

ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు, ఇంట్లో ఉన్న ఏదైనా వస్తువుకు తలాలు, అంచులు, శీర్షాలు లెక్కపెట్టుకు రమ్మన్నారు. ఒకరు అగ్గిపెట్టె, ఒకరు ఇటుక, ఒకరు ట్రంకుపెట్టె... అందరివీ ఆరు, పన్నెండు, ఎనిమిదే. నేను ఎనిమిది, పద్దెనిమిది, పన్నెండు అన్నాను. మాస్టారు సంబరంగా బోర్డు మీద రాశారు. ఏం వస్తువని అడిగారు. చెప్పాను.

డస్టర్ తీసుకుని మొత్తం చెరిపేశారు. పొద్దున్నే ఇదేం అపశకునమంటూ నన్ను బయట నిలబెట్టారు. లెక్క తప్పని మాత్రం అనలేదు... తప్పు కాదు కాబట్టి.

ఇంటికి రాగానే, ఏ వస్తువు చెప్పావని నాన్న ఆశగా అడిగారు. ఇటుక అన్నాను. ఆయన మళ్లీ చిత్రిక పట్టుకున్నారు. ఆ అబద్ధాన్ని దేవుడు క్షమించి ఉంటాడు... నేనే క్షమించుకోలేదు.

నిన్న, ఇక్కడ అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, రెండో క్లాసు చదివే మా మనవరాలు అదే హోంవర్క్ తెచ్చింది. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్ట కత్తిరించి, నాన్న చేసే పెట్టెను చిన్నగా చేసి ఇచ్చాను. అది ఎందుకో, ఎవరు చేసేవారో చెప్పాను. పాప భయపడలేదు. వేలితో తడుముతూ రెండుసార్లు లెక్కపెట్టింది. రెండుసార్లూ పద్దెనిమిదే వచ్చాయి.

మా అమ్మాయి ఆఫీస్ నుంచి వచ్చి చూసి, దాన్ని నలిపి ట్రాష్‌లో పడేసింది.

"మమ్మీ, క్లాస్‌లో కాఫిన్ చూపిస్తే టీచర్ నాకు కాల్ చేస్తుంది. అయినా తాతయ్య కాఫిన్స్ చేసేవారని అందరికీ చెప్పుకోవాలా? టిష్యూ బాక్స్ తీసుకెళ్తుందిలే."

"అమ్మమ్మా, బట్ నా కౌంట్ కరెక్ట్ కదా?" అంది పాప.

"కరెక్టే. మీ అమ్మ చేసిందే తప్పు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

టీచర్ భయం వరకు నాకు అర్థమవుతుంది. ఆ రెండో మాటే మింగుడుపడడం లేదు... మా నాన్న దొంగతనం చేశారా, మోసం చేశారా? మనవాళ్లను వాన తగలకుండా మట్టికి అప్పగించారు. మా అమ్మాయి పాకడం నేర్చింది కూడా ఆ చెక్కపొట్టులోనే. అందులో దాచుకోవాల్సింది ఏముంది?

ఈ పొద్దున పాప టిష్యూ బాక్స్ పట్టుకుని బస్సెక్కింది.

అప్పట్లో ఎవరైనా పోతే పెట్టె చేసిన మనిషి కూడా సమాధి దగ్గర నిలబడి ఏడ్చేవాడు. ఇప్పుడు కేటలాగ్‌లో రంగు చూసి ఎంచుకుంటున్నాం... చేసిందెవరో ఎవరికీ తెలియదు.

మీ ఇళ్లలోనూ బయట చెప్పొద్దన్న పనులు ఉంటే, ఆ చేతుల గురించి రాయండి. నేను రాసింది మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, మా అమ్మాయికి చూపించకండి. కోపం తగ్గాక నేనే ఎదురుగా కూర్చుని చెప్పాలి.