ఓడ వెనక రాసిన పేరు

మా ఆఫీసు కిటికీ తెరిస్తే లోపలికి వచ్చేవి రెండే: బొగ్గు దుమ్ము, ఓడల కూత. దుమ్ము తుడుచుకోవడం అలవాటైపోయింది కానీ, కూత వినపడితే మాత్రం ఇన్నేళ్ళయినా చేతిలో పని ఆగిపోతుంది. అది చెవులకంటే ముందు గుండెల్లో వినిపిస్తుంది. మొన్న ఉదయం అలాగే ఒక కూత వినబడి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. పక్క సీటాయన "ఏంటండీ, రోజూ వచ్చే ఓడలే కదా" అన్నాడు. రోజూ వచ్చేవే. కానీ నేను చూసేది ఓడని కాదు. దాని వెనక భాగాన రెండు వరుసల్లో రాసి ఉండే అక్షరాల్ని, అందులోనూ ముందు కింది వరుసని. ఈ అలవాటు నాకు మన్రోవి పిన్ని చేసింది.

మీరు సరిగ్గానే చదివారు. ఆవిడ పూర్తి పేరు మన్రోవియా. కంచరపాలెంలో మా ఎదురింట్లో ఉండేది. సముద్రం ఒడ్డున జాలరి పల్లెలో పుట్టి మా వీధికి కోడలిగా వచ్చింది. పొద్దున్నే రేవుకు వెళ్ళి చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని గోపాలపట్నం దాకా వీధి వీధీ తిరిగి అమ్మేది. మేమేమో విజయనగరం వైపు పల్లె నుంచి నాన్న ఉద్యోగం కోసం వచ్చిన వ్యవసాయం ఇంటివాళ్ళం. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళ గుమ్మం, మా గుమ్మం ఎదురెదురు, ఆ మాత్రానికే ఆవిడ నాకు పిన్ని అయిపోయింది. నా పేరు లక్ష్మి. మా తరగతిలో టీచరు "లక్ష్మీ" అని పిలిస్తే ఒక బెంచీ మొత్తం లేచి నిలబడేది. పిలిస్తే తనొక్కతే తిరిగి చూసే పేరున్న మనిషంటే నాకు నిజంగా కుళ్ళుగా ఉండేది.

ఒకరోజు ఆవిడ గుమ్మంలో కూర్చుని గంపకి అంటుకున్న పొలుసులు కడుగుతుంటే అడిగేశాను.

"పిన్నీ, ఇదెక్కడి పేరు? ఏ దేవత పేరు?"

"దేవత కాదే గుంటా, ఓడ పేరు," అంది, తల ఎత్తకుండానే. "మా అయ్య తెప్పేసుకుని ఏటకి ఎల్లినాడు. ముగ్గురు మనుసులు. గాలి తిరగబడిపోనాది. తాగే నీల్లు అయిపోనాయి. ఇంక సచ్చిపోతామనుకున్నప్పుడు కొండంత ఓడొచ్చి, తాడేసి పైకి నాగినాది. గంజి పోసినారు, బట్టలిచ్చినారు, ఈ రేవుకాడ పడవలోకి దింపేసినారు."

పడవలో కూర్చున్నాక వాళ్ళయ్య వెనక్కి తిరిగి చూశాడట. ఓడ వెనక తెల్లటి అక్షరాలు. ఆయనకు చదువు రాదు. "ఏటి రాసుంది బాబూ?" అని పడవ నడిపేవాణ్ణి అడిగితే అతను చదివి చెప్పాడు. ఇక ఒడ్డు చేరేదాకా, ఒడ్డు నుంచి ఇల్లు చేరేదాకా ఆయన ఇంకో మాట మాట్లాడలేదు, ఎక్కడ మర్చిపోతానో అని. భార్య ఏడుస్తూ వచ్చి మీద పడితే కూడా మొదట ఆ పేరే చెప్పాడు. "మా అమ్మ గాలి సోకినాదనుకున్నాది," అని చెప్పి పిన్ని చాలాసేపు నవ్వింది. నెల తిరక్కుండా ఆడపిల్ల పుట్టింది. ఊరంతా అమ్మవారి పేరు పెట్టమన్నారు. "నన్ను ఇంటికి తెచ్చినది ఎవులు? ఆ తల్లి పేరే పెడతాను," అని ఆయన భీష్మించుకు కూర్చున్నాడు.

మిగతా ఇద్దరూ ఊరుకుంటారా? తమకు ఆడపిల్లలు పుట్టగానే వాళ్ళూ అదే పేరు పెట్టారు. ప్రపంచంలో ఇంకెక్కడా ఏ ఆడపిల్లకీ ఉండి ఉండని పేరు ఆ పల్లెలో కొన్నాళ్ళు అందరి నోళ్ళలోనూ నానింది. పెద్ద మన్రోవి, నల్ల మన్రోవి, నుయ్యి కాడి మన్రోవి అని విడదీసి పిలిచేవారట. తర్వాత నల్ల మన్రోవిని బళ్ళో మనోరమగా మార్చేశారు. నుయ్యి కాడి మన్రోవిని అత్తవారు నోరు తిరక్క మంగ అన్నారు. చివరికి మిగిలింది పెద్ద మన్రోవి, అంటే మా పిన్ని.

"మరి నిన్నెవరూ మార్చలేదా?"

"మా అత్త మార్సింది. ఆ కొత్త పేరెట్టి పిలిస్తే నాను పలకడం మానేసినాను. అత్తకే ఇసుగొచ్చింది."

నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయని తెలిశాక ఆవిడ ఆదివారాలు నన్ను రేవుకు తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. గంప నిండాక, డాల్ఫిన్ నోస్ కొండకు ఎదురుగా రాళ్ళ మీద కూర్చోబెట్టేది. ఓడలు అక్కడి నుంచే లోపలికి వస్తాయి. "ముందు మొగం సూడకు. ఎల్తన్నప్పుడు ఎనక సూడు," అనేది. ఒక ఆదివారం నల్లటి ఓడ వెనక, కింది వరుసలో ఆ పేరు దొరికింది. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివేసరికి ఆవిడ లేచి నిలబడి చేతులు జోడించింది. "అయ్యా, సూడు, వచ్చినాది," అంటూ ఏడ్చేసింది. ఓడ మలుపు తిరిగేదాకా ఆ చేతులు దించలేదు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు, నాకూ ఏడుపొచ్చింది.

కొన్నాళ్ళకు అదే పేరుతో ఎర్ర ఓడ వచ్చింది. "రంగేయించుకున్నాది," అంది. ఇంకోసారి వచ్చినది రెండింతలుంది. "నువ్వు పెరగడం లేదేటి?" అంది. పై వరుసలోనూ, ముందు భాగానా వేరే పేరుందని చెబితే, "అది ఓనరు పేరై ఉంటాది," అని తేల్చేసింది. నేను దేనికీ ఎదురు చెప్పలేదు. కానీ ఒక ఉదయం ఒక ఓడ లోపలికి వస్తుంటే ఇంకోటి బయటికి వెళ్తోంది. రెండింటి వెనకా మన్రోవియా. చదివి వినిపించాను. ఆవిడ ఒకసారి దీన్ని చూసింది, ఒకసారి దాన్ని చూసింది. "పద. సేపలు పాడైపోతాయి," అంది. గంప నెత్తికెత్తుకుని గబగబా నడిచింది. ఆ తర్వాత రేవుకు తీసుకెళ్ళేది కానీ, ఏ ఓడనీ చదవమని అడగలేదు.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఒక పేరు రెండు ఓడలకెలా ఉంటుంది? బళ్ళో అడిగితే, "మీ బెంచీలో ఎంతమంది లక్ష్ములున్నారో చూసుకో," అని టీచరు నవ్వింది. ఆ జవాబు నాకు ఆనలేదు. ఏ మాట వెనక ఏముందో తెలిసేదాకా వదలని జబ్బు నాకు ఆనాడే అంటుకుంది. చదువైపోయాక ఎన్ని ఉద్యోగాలున్నా నేను వెతుక్కుంటూ వచ్చి ఓడల ఏజెంటు ఆఫీసులో చేరడానికి కారణం అదే.

చేరిన కొత్తలోనే సంగతి తెలిసిపోయింది. ఓడ వెనక పై వరుసలో ఉండేది ఓడ పేరు. కింది వరుసలో ఉండేది అది నమోదైన ఊరి పేరు. మన్రోవియా ఆఫ్రికాలో ఒక దేశానికి రాజధాని. ఎక్కడెక్కడి యజమానులో తమ ఓడల్ని అక్కడ నమోదు చేయించుకుంటారు, అందుకే ఆ పేరు రేవు రేవునా కనిపిస్తుంది. ఇంకా తవ్వితే, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు సముద్రం దాటి వచ్చి కట్టుకున్న ఊరని, ఆ పేరు వేరే దేశపు అధ్యక్షుడిదని తెలిసింది. పడవ నడిపేవాడు పాపం తనకు బాగా కనిపించిన వరుస చదివి చెప్పాడు. పిన్నికి ఈ మాట ఎలా చెప్పాలా అని నేను మథనపడుతుండగానే ఆవిడే మా ఇంటికి వచ్చింది.

వెంట కోడలు కుమారి, ఒళ్ళో పసిపిల్ల. కుమారి అచ్యుతాపురంలో ఒక కంపెనీలో పనిచేసేది. నాయనమ్మ పేరు మనవరాలికి రావాలని పిన్ని ఆశ. కుమారి చెడ్డదేమీ కాదు, తన అనుమానం తనది.

"అక్కా, రేపు బళ్ళో ఇదేటి పేరని అడిగితే పిల్ల ఏటి సెప్పాల? ముత్తాతని కాపాడిన ఓడ పేరే అయితే పెడతాను. కాదంటే నాకు నచ్చింది పెట్టుకుంటాను."

"లచ్చిమి ఓడలాఫీసులో ఉన్నాది. అది సెప్పినదే మాట," అంది పిన్ని.

దాచకుండా అంతా చెప్పాను. కుమారి పిల్లను జోకొట్టడం ఆపేసింది. పిన్ని చూపు నేల మీదే ఉంది. "మొగోడి పేరా?" అని ఒక్కసారి అడిగింది. ఆవిడ బతుకంతా పట్టుకున్నదాన్ని నా చేతులతో నేనే లాగేసుకున్నానని దిగులేసింది.

తల ఎత్తి, "ఆ ఊరికి ఈ ఓడలు ఎల్తాయా?" అంది.

"చాలావరకు ఎప్పుడూ వెళ్ళవు పిన్నీ. పేరే అక్కడిది."

"మీ ఇంటిపేరు కూడా ఊరి పేరే కదే. నువ్వెప్పుడైనా ఎల్లినావా?"

లేదు. ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో మా నాన్నకే తెలియదు.

"మాదీ అంతే. మావోళ్ళెవులూ ఆ ఊరు సూడలేదు. అయినా సమ్మంధానికొచ్చినోళ్ళు ముందు అదే అడుగుతారు." ఆవిడ మొహం మెల్లగా విచ్చుకుంది. "అయితే మా అయ్య నాకు ఓడ పేరెట్టలేదు. ఓడ ఇంటిపేరెట్టినాడు. ఆ రోజు రెండోడలు కనిపించినాయి సూడు, రెండూ ఆ ఇంటివే. నాను ఊరికే కంగారు పడిపోనాను."

కుమారి పిల్లను భుజాన వేసుకుని లేచింది.

బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోశారు. కుమారి భర్త ఉంగరంతో "హర్షిత" అని రాశాడు. పిన్ని ఒక మూల కూర్చుంది. ఎవరో చదివి వినిపిస్తే, "బాగుంది, బంగారంలాగున్నాది," అంది. అప్పుడు కుమారి ఉంగరం అందుకుని, ఆ పేరు కింద బియ్యాన్ని సర్ది, నన్ను పిలిచింది. "అక్కా, 'వి' తరవాత 'యా' నేనా?" రెండో వరుస నిదానంగా రాసి, అత్త వైపు తిరిగింది. "పైన పిల్ల పేరు, అత్తా. కింద నీది." పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆనాడు రాళ్ళ మీద ఏడ్చినట్టే ఏడ్చింది.

పిన్ని ఇప్పుడు లేదు. హర్షిత బడికి వెళ్తోంది. వాళ్ళ తరగతిలో బోలెడంతమంది హర్షితలట, అందుకని టీచరు దాన్ని మన్రోవియా అనే పిలుస్తుందట. ఎప్పుడైనా సెలవునాడు దాన్ని ఆ రాళ్ళ దగ్గరికి తీసుకెళ్తాను. నా సాయం అక్కర్లేకుండా తనే చదువుకుంటుంది. "అదీ మా ఇంటిదే," అని చెయ్యి ఊపుతుంది. పైనుంచి నావికులెవరైనా తిరిగి చెయ్యి ఊపితే ఇక దాన్ని పట్టలేం.

నాకే ఒకటి తెలియకుండా మిగిలిపోయింది. ముగ్గుర్ని ప్రాణాలతో ఇంటికి చేర్చిన ఆ ఓడ వెనక, పై వరుసలో ఏముండేది? ఎంత వెతికినా దొరకలేదు. ఆ ఓడ ఏనాడో తుక్కుగా మారి కరిగిపోయి ఉంటుందని తెలుసు. అయినా మొన్న కిటికీలోంచి చూసినప్పుడు ఓడ కింది వరుస మన్రోవియాయే. వెంటనే పై వరుస కూడా చదివాను, పక్క సీటాయన వింతగా చూస్తున్నా సరే, పైకే చదివాను. ఆ ఇంటి ఓడ ఏది కనిపించినా అలాగే చదువుతాను. ఎప్పుడో ఒకసారి ఆ పేరు కూడా నా నోటివెంట వస్తుంది. అదే ఆ పేరని నాకు తెలియకపోతేనేం, పిలిచినట్టు ఉంటుంది.