అడ్డంగా ఊగిన లైటు

దయ్యాల కథలు చెప్పేవాళ్లని నేను జీవితమంతా ఆటపట్టించాను. గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగినవాణ్ని. అంత చీకట్లో కనబడని దయ్యం పైన ఎండలో కనబడుతుందా అనేవాణ్ని. ఇప్పుడు ఆ మాట అనలేకపోతున్నాను.

బాయిలో నా జోడీ రాజలింగు. నాకంటే పెద్దవాడు, చిన్నాన్న వరసగా కాక అని పిలిచేవాణ్ని. పని నేర్పింది ఆయనే. డ్రిల్లింగ్ మోతలో మాట వినబడదు కాబట్టి టోపీ లైటుతోనే మాట్లాడుకునేవాళ్లం. తల అడ్డంగా ఊపితే లైటు అడ్డంగా ఊగుతుంది, అంటే ఆగమని. అవతలివాడు తల పైకీ కిందికీ ఊపి, చూశానని జవాబివ్వాలి. అందరూ ఒకసారి ఊపితే కాక మాత్రం మూడుసార్లు ఊపి, కాస్త ఆగి, ఇంకోసారి ఊపేవాడు. నేను జవాబిచ్చేదాకా వదిలేవాడు కాదు.

"ఒక్కపారి చెప్తె నీ బుర్రకు ఎక్కదుర" అనేవాడు.

ఆయన సద్దిగిన్నెలోని పచ్చిపులుసు రుచి ఇంకా నా నాలుక మీదే ఉంది. కాక పోయి నాలుగేళ్లయింది.

పోయిన ఏడాది నాకు మూత్రంలో ఒకసారి రక్తం పడింది. నొప్పి లేదు కదా అని నేను ఊరుకున్నా మా ఆవిడ ఊరుకోలేదు. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది. మూత్రాశయంలోకి ముందుగా ఒక మందు ఎక్కించి, గంట ఆగి, కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో లోపల నీలిరంగు కాంతి వేస్తారట. మామూలు వెలుతురులో దొరకని క్యాన్సర్ మచ్చ ఆ నీలంలో గులాబీరంగుగా మెరుస్తుందట. ముందే దొరికితే గీకేస్తే సరిపోవచ్చు, ముదిరితే మూత్రాశయమే తీసేయాల్సి రావచ్చు అన్నాడు డాక్టరు.

పట్టపగలే పరీక్ష. నడుము కిందికే మత్తు ఇవ్వడంతో పక్కనున్న తెర చూస్తూ పడుకున్నాను. మామూలు వెలుతురులో ఏమీ కనబడలేదు. నీలంలోనూ ఏమీ లేదు. డాక్టరు గొట్టం వెనక్కి తీయబోయాడు.

అప్పుడు తెర పైమూలలో చిన్న తెల్లటి లైటు అడ్డంగా మూడుసార్లు ఊగింది. కాస్త ఆగి, ఇంకోసారి ఊగింది. మళ్లీ మొదలుపెట్టింది.

పాత అలవాటు కొద్దీ తల పైకీ కిందికీ ఊపాను. లైటు ఆరిపోయింది.

"ఆగున్రి సార్. లోపల పైకప్పు దిక్కు ఇంకోపారి చూడున్రి" అన్నాను.

ఆయన విసుక్కోలేదు. చేత్తో నా పొత్తికడుపు నొక్కి గొట్టం పైకి తిప్పాడు. అక్కడ పైన నిలిచిన గాలిబుడగ పక్కన జొన్నగింజంత గులాబీ మచ్చ కనబడింది. అప్పుడే గీకేశాడు. అది తొలిదశ క్యాన్సరేనని తర్వాత తేలింది.

ఆ వీడియో అడిగి తెచ్చుకుని ఎన్నోసార్లు చూశాను. అందులో ఏ లైటూ లేదు. మందుల ప్రభావం అయ్యుంటుంది అన్నాడు డాక్టరు. కాక లైటు ఊపే తీరు నా బుర్రలో ఉన్నదే, ఒప్పుకుంటాను. కానీ మచ్చ అక్కడుందని నా బుర్రకెలా తెలుసు?

మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్తున్నాను. తెర నీలంగా మారగానే పైమూలకే చూస్తాను. కాక రావడం లేదు. ఆయన రాలేదంటే నేను బాగున్నట్టే. అయినా తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏడుపొస్తుంది.