కూలింగ్ కాయిల్ మార్చిన వారం

మా కారుకి పద్దెనిమిదేళ్ళు. పోయినేడు ఏసీకి గ్యాస్ నింపిస్తే దసరా దాకా ఉంది. ఈ ఏడు మార్చిలో నింపిస్తే నెల తిరక్కుండానే గాలి వెచ్చబడింది. మళ్ళీ నింపించాను. పది రోజులు వచ్చింది.

నా ఒక్కడి కోసమైతే కిటికీలు దించుకుని తిరిగేవాణ్ణి. పేపర్లో పనిచేసినన్నాళ్ళూ ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ స్కూటర్ మీద ఎండలో తిరిగినవాణ్ణే. ఏసీ కావలసింది మా అక్కకి. ముసునూరులో మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. బావ పోయాక ఒక్కతే ఉంటోంది. రెండేళ్ళుగా మంగళ, శుక్రవారాలు ఏలూరు ఆస్పత్రిలో ఆమెకు డయాలసిస్. రోజు మొత్తానికీ ఒక చిన్న సీసా నీళ్ళే తాగాలని డాక్టరు చెప్పారు. అంతకు మించితే నీరు ఒంట్లో చేరి ఊపిరాడదు. ఎండలో దాహం పెరుగుతుంది, తాగడానికి మాత్రం వీల్లేదు. మే నెలలో అక్కకి చల్లటి కారు సుఖం కోసం కాదు.

నా సంగతీ కొంత ఉంది. మా ఆవిడ పోయాక నూజివీడు ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు. వారంలో ఆ రెండు రోజులే నా గొంతు నాకు వినపడేది. వెళ్ళేటప్పుడు అక్క చర్చి కబుర్లు చెబుతుంది. వచ్చేటప్పుడు నీరసంతో కళ్ళు మూసుకుంటుంది. అయినా పక్క సీట్లో ఒక మనిషి ఉంటుంది. కారు చల్లబడకపోతే ఆ రెండు రోజులు కూడా మిగతా ఐదు రోజుల్లా అయిపోతాయని నా భయం.

సోమవారం పొద్దున్నే కారు షెడ్డుకి తీసుకెళ్ళాను. మెకానిక్ నాకంటే వయసులో కాస్త చిన్నవాడు.

“మళ్ళీ గ్యాసేనాండీ?” అన్నాడు.

“గ్యాస్ వద్దు. లీకెక్కడుందో చూడండి.”

“ఆ మాట పోయినేడే అంటే బాగుండేది.”

పైపుల అతుకుల దగ్గర సబ్బు నురగ రాశాడు. ఎక్కడా బుడగ రాలేదు. “అయితే లోపలేనండీ” అని డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి స్టీరింగ్ ఒక్కటే మిగిలింది, చుట్టూ వైర్లు వేలాడుతున్నాయి. కూలింగ్ కాయిల్ ఉన్న డబ్బా విప్పి టార్చి వేసి చూపించాడు. తడి మామిడాకులు, ఎండిన పూత రెమ్మలు, గోళీకాయలంత పిందెలు బొంతలా పరుచుకుని ఉన్నాయి. వాటి కింద కాయిల్ ఒక మూలంతా పొడిపొడిగా రాలుతోంది.

“కారెక్కడ పెడతారండీ?”

“ఇంటి ముందు, చెట్టు కింద.”

“మామిడి చెట్టేగా? ఎండ తగలకూడదని మన ఊళ్ళో అందరూ అదే పని చేస్తారు. ముందద్దం కింద సందుల్లోంచి ఆకులు లోపలికి జారతాయి. ఏసీ తడికి అక్కడే కుళ్ళి కాయిల్ని తినేస్తాయి. ఎండలో పెట్టుంటే రంగు పోయేది, కాయిల్ ఉండేది.” ఒక పిందె తీసి నా చేతిలో పెట్టాడు. “లోపల అరెకరం తోటుందండీ మీకు. కౌలుకిచ్చుకోవచ్చు.”

కొత్త కాయిల్ విజయవాడ నుంచి రావాలి. గురువారం దాకా రాదన్నాడు. మర్నాడే మంగళవారం. అక్కకి ఫోన్ చేసి, ఎవరి కారైనా మాట్లాడతానన్నాను.

“ఎందుకురా? రెడ్డిగూడెం నుంచి ఏలూరుకి డయాలసిస్ పేషంట్ల వ్యాను వస్తోందంట, మన పాస్టరమ్మ చెప్పింది. ఒక్కరోజుకి దాంట్లో పోతాలే. నువ్వు కారు సంగతి చూసుకో.”

మంగళవారం నాకు చేయడానికి ఏమీ లేదు. పొద్దున్న పేపరు ఆఖరి పేజీ దాకా చదివాను. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. బుధవారం తనే చేసి, “బాగానే జరిగిందిరా” అంది. వెంటనే పెట్టేసింది.

గురువారం కాయిల్ వచ్చింది. అది బిగించాక పైపుల్లో గాలంతా మోటారుతో లాగేసి, ఒక మీటరు తగిలించాడు. అరగంట ముల్లు కదలకపోతే లీకు లేనట్టు. నేను దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను.

“మీరు చూడకపోయినా అది కదలదండీ. వెళ్ళి టీ తాగిరండి.”

“పర్లేదండీ, చూస్తాను. రేపు మా అక్కని ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.”

ముల్లు కదల్లేదు. గ్యాస్ నింపి ఏసీ వేస్తే, గాలి నా మొహానికి గట్టిగా, చల్లగా తగిలింది. నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను.

శుక్రవారం ఏడింటికల్లా ముసునూరు చేరాను. కారు ముందే చల్లబరిచి ఉంచాను. అక్క వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో ఆస్పత్రి సంచీ.

“ఫోన్ చేద్దామనుకుంటూనే ఉన్నాన్రా. వ్యాను వచ్చేస్తోంది.”

“ఏసీ బాగైందక్కా.”

“ఏదీ?” అని వచ్చి సీట్లో కూర్చుని, గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూసింది. “బాగా చల్లగా ఉందిరా.” తలుపు మాత్రం వేసుకోలేదు.

“ఆ వ్యానులో ఏసీ ఉందా?”

“ఏసీయా? కిటికీలకి అద్దాలే సరిగ్గా లేవు.”

“మరి?”

“నలుగురం ఉన్నాంరా దాంట్లో. నలుగురికీ నీళ్ళు లేవు. ఎవరు ఎన్ని గుక్కలు దొంగతనంగా తాగారో చెప్పుకుంటాం. మొన్న నవ్వలేక చచ్చాను. నీ కార్లో అయితే నా ముందు తాగలేక నువ్వు ఏలూరు దాకా నోరెండగట్టుకుని వస్తావు. నాకు తెలీదనుకున్నావా?”

నిజమే. రెండేళ్ళుగా ఆ సంగతి ఆమె గమనించలేదనే అనుకున్నాను.

వ్యాను వచ్చి ఆగింది. తోటల్లో కాయలు ఏరే పని చేసే మనిషట, ఒకావిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. “టీచరమ్మా, తొందరగా రండి. మీ సీట్లో ఈ పెద్దాయన కాళ్ళు జాపేస్తన్నాడు.” నన్ను చూసి, “ఆయన మీ తమ్ముడా? ఒంట్లో బాగానే ఉందా?” అంది.

“దుక్కలా ఉన్నాడు” అంది అక్క.

“అయితే ఇందులో చోటు లేదు.” లోపల అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

“సాయంత్రం రానా?” అని అడిగాను.

“వచ్చి పడుకుంటాను కదరా. ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి రా.”

పెద్దాయన కాళ్ళు తీసి చోటిచ్చాడు. వ్యాను మలుపు తిరిగేదాకా చూసి కారెక్కాను. రోడ్డు మీద మామిడికాయల లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, అవి పోయేదాకా పక్కనే ఆగాను. అప్పుడు మెకానిక్ ఫోన్ చేశాడు.

“ఏలూరు బయల్దేరారాండీ? మేడం గారికి చల్లగా ఉందా?”

“బాగా చల్లగా ఉందన్నారండీ” అన్నాను.